కాత్యాయని భాగము

బృహదారణ్యకోపనిషత్తులోని మైత్రేయీ బ్రాహ్మణమును ఎరుగని సాధకుడు అరుదు. గృహస్థాశ్రమమును విడిచి వెళ్లదలచిన యాజ్ఞవల్క్య మహర్షి మైత్రేయిని పిలిచి, ఆమెకును కాత్యాయనికిని నడుమ తన ఆస్తిని పరిష్కరించి పోదలచితినని చెప్పుట, ఆ ధనముతో అమృతత్వము సిద్ధించునా అని ఆమె ప్రశ్నించుట, ఆ ప్రశ్నలోనుండి ఆత్మవిద్య ఆవిర్భవించుట ప్రవచనములలో తరచుగా వినబడునదే. ఒకే ఉపనిషత్తులో రెండు చోట్ల, ద్వితీయాధ్యాయమునను చతుర్థాధ్యాయమునను, ఈ సంవాదము నిలిచియున్నది.

అయితే శ్రోతల చిత్తము ఎల్లప్పుడును మైత్రేయి వెంట నడచును. కాత్యాయని ఏమైనదని అడుగువారు లేరు. ఆమె బ్రహ్మవాదిని కాదు, గృహకృత్యములను ఎరిగిన ఇల్లాలు. ఇల్లు, గోవులు, ధాన్యము ఆమెకు కావలసినవి. బ్రహ్మజ్ఞాని అయిన ఋషి అర్ధరాత్రి వేళ చెప్పక లేచిపోలేదు. ఎవరికి ఏది చెందవలెనో తేల్చిన పిదపనే గడప దాటదలచినాడు. ఆ పరిష్కారమును తలపెట్టకుండిన యెడల మైత్రేయి ప్రశ్నకు అవకాశమే లేదు. ఆస్తి విభాగమును గూర్చిన మాటయే బ్రహ్మవిద్యకు ద్వారమైనది.

ఈ విషయము ఆర్మూరు పట్టణపు అంచున నివసించు ఒక వృద్ధ కర్షకునికి డెబ్బది అయిదవ యేట బోధపడినది.

ఆర్మూరు నిజామాబాదు జిల్లాలో పసుపునకును ఎర్రజొన్నకును ప్రసిద్ధి చెందిన ఊరు. ఊరికి కావలి కాయుచున్నట్లు సిద్ధుల గుట్ట, దానిపై బండరాళ్ల నడుమ నవనాథ సిద్ధేశ్వరుని ఆలయము. ఆరును మూడును కలిసి తొమ్మిది అయినట్లు, నవనాథుల సంఖ్యనుండియే ఊరికి ఈ పేరు వచ్చినదని స్థానికుల నమ్మిక. ఆ వృద్ధుడు ప్రతి సోమవారము గుట్ట ఎక్కువాడు. మోకాళ్లు సహకరింపక పోయిన పిదప క్రిందనే నిలిచి నమస్కరించి వచ్చువాడు. ఉపనిషత్ ప్రవచనములు శ్రద్ధగా విన్నవాడు. దేహము అనిత్యమని, సంపద చంచలమని, మమకారము బంధహేతువని ఎవరడిగినను చెప్పగలవాడు. కాని ‘వీలునామా’ అను మాట ఎవరైన ఎత్తిన యెడల ఆయన ముఖము వివర్ణమగుచుండెను.

“బతికున్నోడికి పిండం పెట్టుడే గది” అనెడివాడు.

ఇది ఆయన ఒక్కనికే పరిమితమైన భయము కాదు. వీలునామాకు తెలుగున మరణశాసనమను పేరు కూడ కలదు. ఆ మొదటి పదమును చూచియే పలువురు కాగితమును ప్రక్కకు నెట్టెదరు. పైగా వేదాంత పరిచయము కలవారికి మరియొక సాకు దొరకును. ‘ఏదియు నాది కానప్పుడు పంచుటకు నేనెవడను?’ అను మాట వినుటకు వైరాగ్యము వలె ఉండును. నిజమునకు అది తరచుగా భయమునకు తొడిగిన కాషాయము.

ఆ భయమునకు ఎంత మూల్యము చెల్లింపవలసి వచ్చునో ఆయన తన అన్నగారి ఇంట ప్రత్యక్షముగా చూచినాడు. నాలుగు సంవత్సరముల క్రిందట అన్న ఒక వ్రాత గాని, ఒక మాట గాని మిగల్చక అకస్మాత్తుగా గతించెను. కుమారులిద్దరు. భూమి ఎంతయో అందరికి తెలియును. కాని ఉమ్మడి బోరుబావి ఎవరిది, ఇల్లు ఎవరిది, అడ్తిదారు వద్ద తీసికొన్న అడ్వాన్సు ఎవరు తీర్చవలెను, పొరుగువానికి చేబదులు ఇచ్చిన సొమ్ము ఎంత, ఇవేవియు ఎవరికిని తెలియవు. దశదిన కర్మ ముగియక ముందే మాటలు ఆగిపోయినవి. మరుసటి జూన్ మాసమున నీటి తగవు తేలక ఆ చేనిలో పసుపు నాటలేదు. తల్లి ఒక కుమారుని ఇంట ఆరు నెలలు, మరియొక కుమారుని ఇంట ఆరు నెలలు అను లెక్కలో పడినది. తొమ్మిది నెలలు భూమిలో పెరుగు పంటను నలభై సంవత్సరములు పండించిన ఇంట ఒక్క కాగితము కొరవడి క్షేత్రము బీడుపడెను.

ఆ మాఘమాసమున పసుపు ఉడుకు వేళ ఆయన కుమార్తె పుట్టింటికి వచ్చినది. కళ్లమున కొమ్ములు ఆరుచున్నవి, మండ వేరుగా పోయబడియున్నది. పెద్ద కుమారుడు దుబాయిలో ఉన్నాడు. చిన్న కుమారుడు తండ్రితో కలిసి సేద్యము చేయుచున్నాడు. కుమార్తె వారిద్దరికంటె పెద్దది, 1992లో వివాహమైనది. రాత్రి భోజనమైన పిదప ఆమె మెల్లగా అన్నది:

“బాపూ, పెద్దబాపు ఇంట్ల అయిన తీరు మనింట్ల కావద్దు. నాకు ఇయ్యమని అడుగుతలేను. ఎవరికేందో తేల్చిపెట్టు, గంతే.”

రెండు దినములు ఆయన మాట్లాడలేదు. మూడవ దినమున పాసుపుస్తకములు, పాత దస్తావేజులు గుడ్డసంచిలో వేసికొని, కుమార్తె వెంట ఊరిలోని ఒక మహిళా న్యాయవాది ఇంటికి వెళ్లినాడు.

న్యాయవాది మొదట అడిగినది ఎవరికి ఏమి ఇచ్చెదరని కాదు. “కాకా, నీకు ఏమేమి ఉన్నది, అది నీకు ఎట్ల వచ్చింది?” అని. ఈ రెండవ ప్రశ్నలోనే సర్వము ఇమిడియున్నది.

ఆయనకు పాసుపుస్తకములో అయిదెకరములు కలవు. అందులో రెండెకరములు తాత తండ్రుల నాటినుండి వచ్చి, అన్నదమ్ముల పంపకములో ఆయన భాగమునకు పడినవి. మూడెకరములు ఆయన 1998లో కొన్నవి. పుస్తకములో తన పేరే ఉన్నది గనుక అయిదెకరములు తనవేనని, కుమారులిద్దరికి సమముగా వ్రాసిన సరిపోవునని ఆయన తలపు. న్యాయవాది తల అడ్డముగా ఊపి సులభమైన మాటలలో వివరించినది.

పట్టాదారు పాసుపుస్తకములోని పేరు మాత్రమే ఆస్తిపై సంపూర్ణ స్వామ్యమును నిర్ణయింపదు. పంపకములో వచ్చిన ఆ రెండెకరములు పిత్రార్జితము, అనగా సమాంశుల ఉమ్మడి ఆస్తి. దానిలో సంతానమునకు జన్మతః హక్కు కలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో వచ్చిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నాటికి అవివాహితయైన కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కునిచ్చినది. 2005 సెప్టెంబరు 9 నుండి అమలులోనికి వచ్చిన కేంద్ర సవరణ వివాహమైనదా లేదా అను భేదమును కూడ తొలగించినది. ఆ తేదీ నాటికి తండ్రి జీవించియుండవలెనను నియమము లేదని, కుమార్తె హక్కు పుట్టుకతో వచ్చునదేనని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పినది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రముతో గాని, కోర్టు డిక్రీతో గాని ముగిసిన పంపకములు మాత్రము తిరిగి తెరవబడవు.

కావున రెండెకరములు, అనగా ఎనుబది గుంటలలో తండ్రి, ఇద్దరు కుమారులు, కుమార్తె నలుగురును సమాంశులు. ఒక్కొక్కరికి ఇరువది గుంటలు. ఆయన వీలునామా ద్వారా వ్రాయగలిగినది తన ఇరువది గుంటలను మాత్రమే. కొన్న మూడెకరములు స్వార్జితము గనుక వాటిని ఆయన ఎవరికైనను వ్రాయవచ్చును. ఏమియు వ్రాయక గతించిన యెడల 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము భార్య, కుమారులు, కుమార్తె ప్రథమ శ్రేణి వారసులై సమముగా పొందుదురు. తల్లి జీవించియున్న యెడల ఆమెయు వారితో సమానురాలే. పలువురికి ఆశ్చర్యము కలిగించునదేమనగా, తండ్రి ఆ ప్రథమ శ్రేణిలో లేడు.

“బిడ్డకు కట్నమిచ్చి పెండ్లి చేసినం గదా?” అని వృద్ధుడు అడిగినాడు.

“కట్నం వేరు, వాటా వేరు కాకా. కట్నం ఇచ్చుడు 1961 నుంచి నేరం. నేరం చేసి వాటా తీర్చిన అంటే చట్టం ఒప్పుకోదు” అని ఆమె నవ్వినది.

కుమార్తె తలవంచుకొని కూర్చున్నది. ఆడపడుచునకు ఇచ్చు భూమిని తెలుగునాట ‘పసుపు కుంకుమ’ క్రింద ఇచ్చిన భూమి అందురు. జీవితమంతయు పసుపు పండించిన ఆ తండ్రి తన బిడ్డకు పసుపు కుంకుమగా ఒక్క గుంట కూడ ఇవ్వలేదను విషయము ఆ క్షణమున ఆయనకే తోచినది.

జన్మచేతనే స్వామ్యము కలుగునను ఈ సిద్ధాంతము నేటి శాసనసభలలో పుట్టినది కాదు. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరా వ్యాఖ్య దానికి మూలము. ఆ పండితుడు కల్యాణి చాళుక్య ప్రభువైన ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలమువాడు. నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణమే నాటి కల్యాణి. తెలంగాణ భూభాగములో అధికాంశము కూడ నాడు ఆ చాళుక్యుల ఏలుబడిలోనిదే. వంగదేశమున జీమూతవాహనుని దాయభాగము తండ్రి మరణము తరువాతనే పుత్రునికి స్వామ్యము కలుగునని చెప్పగా, మితాక్షర జన్మతోడనే కలుగునని చెప్పినది. పదమూడవ శతాబ్దమున కేతన దీనిని విజ్ఞానేశ్వరీయముగా తెనిగించినాడు. తెలుగువారు న్యాయస్థానములను చూడక పూర్వమే దాయ విభాగమును తమ భాషలో చదువుకొన్నారు.

ఈ సిద్ధాంతమున ఒక తాత్త్విక రహస్యము దాగియున్నది. తండ్రి తన చేతిలోని పిత్రార్జితమునకు సర్వస్వతంత్రుడైన యజమాని కాడు. వెనుకటివారికిని ముందటివారికిని నడుమ నిలిచిన ధర్మకర్త మాత్రమే. ‘ఇది నాది’ అనుకొన్న దానిలో నాలుగింట మూడు పాళ్లు ఆయనవి కావని ఆ ఉదయము చట్టమే చెప్పినది. వేదాంతము పూర్ణముగా చెప్పునది అదియే.

అయితే అసలైన పాఠము ఆ మిగిలిన మూడెకరముల వద్ద ఎదురైనది.

“ఈ మూడెకరాలు నీ కష్టార్జితమే గదా కాకా? కొన్నప్పుడు పైసలు ఎక్కడివి?” అని న్యాయవాది మామూలుగా అడిగినది.

“ఆ యేడు పసుపుకు ధర మంచిగ పలికింది...” అని ఆయన మొదలుపెట్టి ఆగిపోయినాడు.

పసుపు సొమ్ము సగమునకే సరిపోయినది. మిగిలినది భార్య గుండ్ల పేరు. ఆమె పుట్టింటివారు పెట్టిన బంగారము. రిజిస్ట్రేషనుకు ముందు దినమున నిజామాబాదుకు తీసికొనిపోయి అమ్మినాడు. మళ్లీ చేయించెదనని మాట ఇచ్చినాడు. తరువాత బోరు, తరువాత కుమారుని వీసా, తరువాత ఇల్లు. ఇరువది అయిదు సంవత్సరములకు పైగా గడచినవి. ఆమె ఆ మాట ఒక్కమారు కూడ ఎత్తలేదు. మధ్యాహ్నములు బీడీలు చుట్టి సంసారమును ఈదినది. దస్తావేజులో ఆమె పేరు లేదు.

స్త్రీధనమును గూర్చి యాజ్ఞవల్క్య స్మృతి నిష్కర్షగా చెప్పినది. దుర్భిక్షమున, ధర్మకార్యమునకు, వ్యాధి సమయమున, బంధింపబడినపుడు భర్త భార్య ధనమును తీసికొన్న యెడల తిరిగి ఇవ్వకున్నను దోషము లేదు. భూమి కొనుట ఆ నాలుగింటిలో ఏదియు కాదు. అనగా స్మృతి ప్రకారము ఆయన ఋణగ్రస్తుడు. ‘స్వార్జితము’ అను పదములోని ‘స్వ’ ఎవరిది? ఆ ప్రశ్న న్యాయవాది వేయలేదు. ఆయన అంతరంగమున అదియే పుట్టినది.

ప్రవచనములలో ‘నేను ఎవరు’ అని విచారింపుమని ఎన్నిమార్లు విన్నను, ఆయన విచారము దేహము వద్దనే ఆగిపోవుచుండెను. ‘నాది ఏది’ అని ఒక తెల్లకాగితముపై వ్రాయుటకు కూర్చున్న నాడు మమకారము దానంతట అదే సడలుట మొదలైనది. రెండెకరములు పిల్లలతో ఉమ్మడి. మూడెకరములలో సగము భార్య మెడలోనిది. బోరు అన్నతో కలిసి వేయించినది. బ్యాంకులోని సొమ్ముపై పంటరుణము ఉన్నది. లెక్క వ్రాయుచున్న కొలది ‘నాది’ అనునది కరగుచు వచ్చినది. వీలునామా వ్రాయుట మమకార లక్షణమని భయపడినవాడు, వ్రాయక దాచుటయే మమకారమని గ్రహించినాడు.

ఇక ఉపాయముల సంగతి. న్యాయవాది మూడు మార్గములు చెప్పినది. అవి ప్రతి గృహస్థునకు ఉపయోగపడునవి.

మొదటిది వీలునామా. అది వ్రాసినవాని మరణానంతరమే ఫలించును. అంతవరకు ఆస్తి ఆయనదే. ఎన్నిమార్లయినను మార్చవచ్చును, చివర వ్రాసినదే చెల్లును. రెండవది దానపత్రము, అనగా గిఫ్ట్ డీడ్. అది రిజిస్టరైన వెంటనే ఆస్తి చేయిమారును, సామాన్యముగా తిరిగి రాదు. మూడవది పంపక పత్రము. ఉమ్మడిగా ఉన్నదానిని వాటాదారులందరును జీవించియుండగానే విడదీసికొనుట.

మొదటి రెండింటికి గల భేదమును ఋషులు ఏనాడో చూచినారు. కౌషీతకీ ఉపనిషత్తులో పితాపుత్రీయ సంప్రదానమను ఒక విధి కలదు. అవసాన సమయమున తండ్రి కుమారుని పిలిచి తన వాక్కును, ప్రాణమును, చక్షుస్సును, శ్రోత్రమును, కర్మలను ఒక్కొక్కటిగా అతనియందు నిలుపును, కుమారుడు స్వీకరించును. ఇచ్చట ఉపనిషత్తు ఒక లౌకిక సంశయమును కూడ తీర్చినది. ఇచ్చిన పిదప తండ్రి స్వస్థుడై లేచిన యెడల ఏమగును? కుమారుని ఆధిపత్యములో నివసింపవలెను, లేదా పరివ్రాజకుడై వెళ్లిపోవలెను. ఇచ్చినది ఇచ్చినదే. దానపత్రముపై సంతకము చేయు ప్రతి వృద్ధుడును ఈ ఘట్టమును స్మరింపవలెను. సర్వస్వమును వ్రాసియిచ్చి పిదప అన్నమునకై ఎదురుచూచువారి రక్షణకు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము 23వ సెక్షనులో ఒక త్రోవ కలదు. పోషణ బాధ్యతకు లోబడి ఇచ్చిన ఆస్తిని, ఆ బాధ్యత తీర్చని యెడల ట్రిబ్యునలు రద్దు చేయవచ్చును. కాని ఆ షరతు పత్రములోనే స్పష్టముగా వ్రాయించుకొనుట వివేకము.

మూడవ మార్గము ఈ ఇంట ఎందుకు అవసరమైనదనగా, అందులో చిన్న కుమారుని క్షేమము ముడిపడియున్నది. తెలంగాణలో 2018 ఆగస్టులో ఆరంభమైన రైతుబీమా 18 మొదలు 59 సంవత్సరముల వయస్సు గల పట్టాదారునికి వర్తించును; రైతు ఏ కారణమున గతించినను నామినీకి అయిదు లక్షల రూపాయలు అందును. తండ్రికి వయస్సు మీరినది. నిత్యము చేనిలో ఉండు కుమారునికి పట్టా లేదు. అనగా ‘అంతయు నా పేరుననే ఉండనిమ్ము’ అన్న తండ్రి పట్టుదలవలన, రాత్రివేళ మోటారు వేయుటకు వెళ్లు ఆ కుమారుని భార్యాబిడ్డలకు ఏ రక్షణయు లేకపోయినది. ఈ మాట విన్నప్పుడు వృద్ధుడు చాలసేపు మౌనముగా ఉండిపోయినాడు.

నామినీని గూర్చి కూడ ఒక భ్రమ తొలగవలెను. నామినీ సామాన్యముగా సొమ్మును అందుకొను ప్రతినిధి మాత్రమే, యజమాని కాడు. 1984లో సర్బతీదేవి కేసులో సుప్రీంకోర్టు ఇట్లే చెప్పినది. 2015 సవరణ తరువాత జీవితబీమాలో తల్లిదండ్రులను, జీవిత భాగస్వామిని, సంతానమును నామినీలుగా వ్రాసినచో వారే లబ్ధిదారులగుదురు. బ్యాంకు నిల్వలకు మాత్రము పాత నియమమే. 2025 నవంబరు 1 నుండి ఒక ఖాతాకు నలుగురు నామినీలను పెట్టుకొనవచ్చును. పది సంవత్సరములు ఎవరును కదపని నిల్వలు రిజర్వు బ్యాంకు నిర్వహించు నిధికి చేరును. వారసులు ఆ తరువాత కూడ కోరి పొందవచ్చును. కాని అట్టి ఖాతా ఉన్నదని వారికి తెలియవలెను గదా! కావున ఖాతాలు, బీమాలు, బీడీ కార్మికుల భవిష్యనిధి, చేబదుళ్లు, లాకరు, ఇవన్నియు ఒక పుటలో వ్రాసి ఇంటివారికి తెలుపుట ప్రథమ కర్తవ్యము. ఆ వృద్ధుని భార్య భవిష్యనిధి పత్రములలో నామినీగా ఆమె గతించిన అత్తగారి పేరే ఇంకను ఉన్నదని ఈ సందర్భముననే బయటపడెను.

అప్పులను వ్రాయుటకు ఆయన సిగ్గుపడినాడు. న్యాయవాది పట్టుబట్టినది. బృహదారణ్యకమున సంప్రత్తి అను కర్మ కలదు. తండ్రి చేయక మిగిల్చిన దానిని కుమారుడు పూరించి ఆయనను విముక్తుని గావించునని అందులోని భావము. పూర్వ న్యాయశాస్త్రము దీనినుండియే పుత్రునికి పితృఋణము తీర్చు ధార్మిక బాధ్యతను విధించినది. 2005 సవరణ తరువాత చేసిన అప్పులకు ఆ ధార్మిక బాధ్యత ఒక్కటే ఆధారముగా కుమారునిపై దావా చెల్లదు. సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యత. అయినను కాగితము లేని అప్పు పల్లెలో పరువునకు సంబంధించినది. ఏది తీర్చినది, ఏది తీర్చవలసినది అని తండ్రి తన చేతితో వ్రాసిపెట్టిన యెడల కుమారుడు ఒకే అప్పును రెండుమార్లు తీర్చవలసిన పని ఉండదు.

ఇంట ఈ సంగతి చెప్పినపుడు చిన్న కుమారుడు ముఖము చిన్నబుచ్చుకొన్నాడు. “అక్కకు కట్నమిచ్చినం గదా బాపూ, మళ్ల భూమి గూడనా?” అన్నాడు.

“కట్నం మనం అక్కకు ఇయ్యలేదు బిడ్డా. వేరే ఇంటికి ఇచ్చినం. అక్కకు ఇంతవరకు ఏమియ్యలేదు” అని తండ్రి సమాధానమిచ్చినాడు.

కుమార్తె తన భాగమును తమ్మునికి వదలుకొనదలచిన యెడల రిజిస్టరైన హక్కు విడుదల పత్రము ద్వారా వదలుకొనవచ్చును. అది ఆమె స్వేచ్ఛ. కాని భాగము లేదని చెప్పి వదిలించుటకును, భాగమును చేతిలో పెట్టిన పిదప ఆమె వదలుటకును గల దూరము, దోపిడికిని దానమునకును గల దూరమంత. కుమార్తె ఆ దినమున ఏమియు వదలలేదు. తమ్ముడే దున్నుకొనవచ్చునని, పంటలో తన పాలు ఏటేట ఇచ్చిన చాలునని మాత్రము చెప్పినది. దుబాయిలోని కుమారుడు ఫోనులో అంతయు విని సమ్మతించినాడు. అరబ్ ఎమిరేట్లలో 2023 ఫిబ్రవరి 1 నుండి ముస్లిమేతరులకు ప్రత్యేక పౌర చట్టము అమలులోనున్నదని, అచ్చటి సొమ్మునకు తానును వీలునామా వ్రాసికొనవలెనని అతడే చెప్పినాడు.

పిత్రార్జితమైన రెండెకరములకు నలుగురును కలిసి పంపక పత్రము రిజిస్టరు చేయించుకొన్నారు. మిగిలినదానికి వీలునామా. దానికి స్టాంపు కాగితము అక్కరలేదు, తెల్లకాగితము చాలును. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున చేయించిన యెడల తరువాతి సందేహములు తగ్గును. సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద భద్రపరచుటకును వీలు కలదు. తప్పనిసరి అయినది ఇద్దరు సాక్షుల సంతకము. వ్రాసినవాడు సంతకము చేయుట గాని, అది తన సంతకమేనని అంగీకరించుట గాని వారు ప్రత్యక్షముగా ఎరిగి, ఆయన ఎదుటనే తామును సంతకము చేయవలెను. వారికి లోపలి విషయము తెలియనవసరము లేదు. పిదప వివాదము వచ్చిన యెడల సాక్షులలో ఒకరైనను కోర్టులో చెప్పవలసియుండును గనుక తనకంటె చిన్న వయస్సువారిని, ఆస్తిలో భాగము లేనివారిని ఎన్నుకొనుట మేలు. అతి వృద్ధులు వైద్యుని ధ్రువపత్రమును జతపరచుట మంచిది. సర్వే నంబర్లు, విస్తీర్ణము, హద్దులు స్పష్టముగా వ్రాయవలెను. పేర్కొనక మిగిలినది ఎవరికి చెందవలెనో ఒక వాక్యము, అమలు చేయువాని పేరు, తేదీ ఉండవలెను. కాలము తీరిన పిదప వారసులు తహసీల్దారు వద్ద విరాసత్ చేయించుకొందురు. 2020లో వచ్చిన ధరణి స్థానమున 2025 ఏప్రిల్ 14 నుండి భూభారతి అమలులోనున్నది. రికార్డులో పేరు మారుటవలన మాత్రమే హక్కు పుట్టదు. హక్కు వీలునామా వలననో వారసత్వము వలననో కలుగును.

ఆయన వ్రాయించినది ఇది. ఇల్లు, కొన్న మూడెకరములలో ఒకటిన్నర ఎకరము, పంపకములో తనకు వచ్చిన ఇరువది గుంటలు భార్యకు. తక్కిన ఒకటిన్నర ఎకరము ముగ్గురు సంతానమునకు ఇరువదేసి గుంటల చొప్పున. భార్యకు యావజ్జీవము అనుభవించు హక్కు మాత్రమే వ్రాయవలెనా, సంపూర్ణ హక్కు వ్రాయవలెనా అని న్యాయవాది అడిగినది. అమ్ముకొనుటకు వీలులేని హక్కు వ్రాసినచో తల్లి పోయిన పిదప భూమి కుమారులకే చేరునని ఎవరో సలహా ఇచ్చియుండిరి. ఆయన ఆలోచింపలేదు. “సంపూర్ణంగ రాయుండ్రి. ఆమెదే ఆమెకిచ్చుడు” అన్నాడు. గుండ్ల పేరు సంగతి కూడ ఒక వాక్యముగా వ్రాయించినాడు.

సాయంకాలము కళ్లము వద్ద ఆ కాగితమును భార్యకు చదివి వినిపించినాడు. ఆమె చెట్టునీడన విత్తనపు పసుపును ఏరుచున్నది. గుంటలు, సర్వే నంబర్లు వచ్చినపుడు చేతిపని ఆపలేదు. బంగారము మాట వచ్చినపుడు ఆగినది.

“గా గుండ్ల పేరు నీకు యాదున్నదా?” అన్నది.

అంతే. ఆయన సమాధానము చెప్పలేదు. ఆమెయు మరియొక మాట అడుగలేదు.

ఉడికించి ఎండబెట్టిన కొమ్ము బజారునకు పోవును. అది మరల మొలకెత్తదు. జ్ఞానాగ్నిచే కాలిన కర్మబీజము ఇట్టిదేనని శాస్త్రము చెప్పును. విత్తనముగా తీసిపెట్టినది వేరు. దానిని ఉడికింపరు, నీడన దాచెదరు. ఏది నిప్పునకు పోవలెనో, ఏది నేలకు పోవలెనో పంట చేతికి వచ్చిన నాడే పసుపు రైతు వేరుచేయును. మృగశిర వచ్చిన తరువాత వేరుచేయుటకు ఏమియు మిగిలియుండదు.

ఆ సోమవారమున వృద్ధుడు కుమారుని భుజము పట్టుకొని సిద్ధుల గుట్టను మెల్లగా ఎక్కినాడు. పైన కూర్చున్న వేళ మైత్రేయి ప్రశ్న ఆయనకు మరల జ్ఞప్తికి వచ్చినది. ధనమువలన అమృతత్వము లేదు, నిజమే. ఆ మాటను మైత్రేయికి చెప్పిన ఋషి, కాత్యాయని భాగమును కాత్యాయనికి చెందకుండ చేయలేదు. తన భాగము తాను అందుకొను ఇల్లాలు ఉన్నది గనుకనే ఆయన అరణ్యమార్గము నిష్కంటకమైనది. మోక్షమును కోరువాడు మొదట ఆ ఇంటి లెక్క సరిచూచుకొనవలెను. ఇన్నేండ్లు ప్రవచనములలో ఆయన మైత్రేయి మాటలు మాత్రమే వినుచు వచ్చినాడు. ఆ దినమున మొదటిసారిగా కాత్యాయనికి నమస్కరించినాడు.

స్వస్తి.